ఆఖరి పాఠం తెరుచుకోలేదు

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నాకు తల దువ్వుకోవడం చేతకాకుండా పోయింది. చెబితే నవ్వొచ్చే మాటే. పొద్దున్నే దువ్వెన చేతిలోకి తీసుకునేదాన్ని, మంచం అంచున కూర్చునేదాన్ని, దాన్ని మళ్లీ దిండు పక్కన పెట్టేసి పడుకునేదాన్ని. జ్వరం లేదు, నొప్పి లేదు. ప్రేమ వ్యవహారం కూడా ఏమీ లేదు. తర్వాత అందరూ అదే అడిగారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఏడుపైనా వచ్చేది కాదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించేది.

మా కాలేజీ హైవే పక్కన, పత్తి చేల మధ్య ఉంటుంది. హాస్టల్ గది కిటికీలోంచి చూస్తే చేలూ, వాటి వెనక లారీలూ కనిపించేవి. నాతోపాటు గదిలో ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు. మంచి పిల్లలే. మొదట్లో మెస్ నుంచి నాకు టిఫిన్ పట్టుకొచ్చేవాళ్లు. కొన్నాళ్లకి "ఏంటే, మళ్లీ పడుకున్నావా?" అని విసుక్కున్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

మాది సింగరాయకొండ దగ్గర ఊరు. నాన్న ప్రభుత్వ బడిలో టీచరు, మా చర్చిలో సంఘ పెద్ద. అమ్మ కౌలుకి తీసుకున్న పొలంలో మిరప వేయిస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది, అందరికంటే తర్వాత పడుకునేది ఆవిడే. అలాంటి ఇంట్లో పుట్టి, మంచం మీంచి లేవలేకపోతున్నానని ఎవరితో చెప్పను? ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నాను" అనేదాన్ని. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనేదాన్ని.

ఆ సంక్రాంతి సెలవులైపోయి కాలేజీ తెరిచాక, మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ అందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం కాలేజీ ఆన్‌లైన్‌లో ఒక ప్రోగ్రామ్ తీసుకుందట. ఫోన్లోనే పాఠాలు చదువుకోవచ్చు. వారానికోసారి ఒక గైడ్ మనం రాసింది చదివి జవాబిస్తారు. "స్ట్రెస్ ఉన్నవాళ్లు వాడుకోండి, లేనివాళ్లు చదువుకోండి" అన్నారు సార్. అందరూ నవ్వారు. లింకు క్లాసు గ్రూపులో వచ్చింది. దాని కింద మా వాళ్లు పెట్టిన పిచ్చివాళ్ల బొమ్మలు చాలాసేపు వస్తూనే ఉన్నాయి.

నేను దుప్పటి ముసుగేసుకుని లింకు తెరిచాను. మొదటి స్క్రీన్ మీదే ఒక మాట ఉంది. మీరు రాసేది మీకూ, మీ గైడ్‌కూ మధ్యే ఉంటుంది. ఆ ఒక్క మాట నమ్మి మొదలుపెట్టాను.

మొదటి పాఠం ఏ దేశంలో రాశారోగానీ, అందులో ఒక అమ్మాయి దిగులు పడుతుంది. పియానో వాయించుకుంటుంది, కుక్కని షికారుకి తీసుకెళ్తుంది, దిగులు తగ్గుతుంది. చివర్లో, మీకు ఇష్టమైన పనులేమిటో రాయమన్నారు. నాకు ఒళ్లు మండింది. "మా హాస్టల్లో కుక్కల్ని మేం షికారుకి తీసుకెళ్లం. అవే మమ్మల్ని గేటు దాకా తరుముతాయి" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపాను. ఏదో మిషన్ చదువుతుందనుకున్నాను.

జవాబు తెలుగులో వచ్చింది. "చదివి గట్టిగా నవ్వాను, పక్క సీటు వాళ్లు నా వైపు చూశారు. కుక్క సంగతి వదిలేయండి. పొద్దున లేచాక మీకు అన్నిటికంటే కష్టంగా ఉన్న పని ఏదో ఒకటి చెప్పండి."

తల దువ్వుకోవడం అని రాశాను. అంతకుముందు అది ఎవరికీ చెప్పలేదు.

"అయితే ఈ వారానికి అదే మన పాఠం. చిక్కులన్నీ తియ్యక్కర్లేదు. నాలుగుసార్లు దువ్వి వదిలేయండి. మిమ్మల్ని కొండ ఎక్కమనడం లేదు, గడప దాటమంటున్నాను. మనసు బాగుపడ్డాక పని చేద్దామనుకుంటాం కానీ, చాలాసార్లు పని మొదలుపెట్టాకే మనసు వెనకాల కుంటుకుంటూ వస్తుంది."

నాలుగుసార్లు దువ్వాను. మనసు రాలేదు. మర్నాడూ దువ్వాను. వారం తిరిగేసరికి జడ వేసుకుని మెస్‌కి వెళ్లి, ఇడ్లీ పెట్టించుకుని, అక్కడే కూర్చుని తిన్నాను. ఎవరూ గమనించలేదు. గైడ్‌కి రాశాను. "పక్కన చట్నీ ఏంటి?" అని అడిగారు. పల్లీ చట్నీ, నీళ్లలా ఉంది అని రాస్తే, "రుచి తెలుస్తోందన్నమాట" అన్నారు.

ఇలాంటి చిన్న చిన్న మాటలే. ఈ పాఠాల్లో మహిమ ఏదో ఉందని నేను చెప్పను. సగం పాఠాలు మా బతుకులకి సంబంధం లేనివి. ఎవరో ఒక మనిషి నేను రాసింది నిజంగా చదువుతోంది, అదే నన్ను లేపింది. ఒక వారం నిద్ర గురించి రాయకపోతే "నిద్ర సంగతి దాటేశారు" అని అడిగారు. మరో వారం, నేను దేనికీ పనికిరాను అని రాస్తే, "ఈ మాట మీద కేసు పెడితే కోర్టులో సాక్ష్యం ఏం చూపిస్తారు?" అన్నారు.

మధ్యలో పరీక్షలు అయ్యాక రెండు రోజులు ఇంటికి వెళ్లాను. కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. అమ్మతోపాటు కూర్చుని తాలుకాయలు ఏరాను. రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటాం. మంచి కాయల్లో అవి కలిస్తే సరుకు విలువ పోతుంది. ముక్కుకి చున్నీ కట్టుకున్నా ఘాటుకి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎన్నో నెలల తర్వాత నా కళ్లలో నీళ్లు. ఇదంతా గైడ్‌కి రాశాను. దానికి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అంత రాశి ముందు కూర్చుని ఒక్కొక్క కాయనీ చూసి ఏరిన మనిషి, తను దేనికీ పనికిరానని ఎలా రాసిందో నాకు అర్థం కాలేదు."

ఆ వారం నేను క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే హెడ్ సార్ పిలిపించారు. అటెండెన్స్ తక్కువైందని తిడతారనుకుంటూ వెళ్లాను. సార్ పక్కన, ఆ ప్రోగ్రామ్ బాధ్యత చూసే మేడమ్ కూర్చుని ఉన్నారు.

"రామ్మా, కూర్చో. నువ్వు చాలా ఇంప్రూవ్ అయ్యావంట" అన్నారు సార్.

"ఎందులో సార్?"

"అదే, ఆన్‌లైన్ ది. రెగ్యులర్‌గా చేస్తున్నవాళ్లలో మన కాలేజీలో నువ్వే ఫస్ట్."

దిగులులో కూడా ర్యాంకు ఇచ్చారు. "అది ఎవరికీ తెలియదన్నారు కదా సార్?"

"మేం బయటివాళ్లమా? కాలేజీ ఇచ్చిన సదుపాయం కాలేజీకి తెలియకపోతే ఎలా?"

మేడమ్ కొంచెం మెత్తగా అన్నారు. "నువ్వు ఏం రాశావో మేం చదవలేదులే. చేస్తున్నావని మాత్రం తెలుసు." అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

విషయమేమిటంటే, కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పరిశీలన బృందం వస్తోంది. వాళ్ల ముందు నేను నాలుగు మాటలు మాట్లాడాలి. దిగులుతో ఉన్నాను, కాలేజీ ఆదుకుంది, ఇప్పుడు బాగున్నాను. అంతే.

"నేను మాట్లాడలేను సార్" అన్నాను.

సార్ కోప్పడలేదు. మా నాన్నకి ఫోన్ చేశారు.

నాన్న మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. నేను పరీక్ష తప్పానేమో అనుకుని దారంతా కంగారుపడ్డారట. సార్ ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, చిరునవ్వుతో చెప్పారు. "మీ అమ్మాయికి డిప్రెషన్ అండీ. కంగారు పడకండి, మేం బాగుచేశాం."

మా నాన్న ముప్పై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. ఆ గదిలో టీ కప్పు పట్టుకుని, దాన్ని తాగాలో కింద పెట్టాలో తెలియక అలా ఉండిపోయారు. బయటికి వచ్చాక వరండాలో అడిగారు.

"మనింట్లో నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు నాన్నా."

"మరి మాకు చెప్పకుండా ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పుకున్నావా? చెబితే నాకు చెప్పాలి. లేదంటే దేవుడికి చెప్పుకోవాలి."

అటూ ఇటూ చూసి ఆయనే గొంతు తగ్గించారు. "సార్ అడిగినట్టు రెండు మాటలు చెప్పేయమ్మా. మార్కులు వాళ్ల చేతిలో ఉన్నాయి."

అలా చెప్పి నన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవులు చదివేటప్పుడు పాస్టర్ గారి నోటివెంట ఇల్లు లేక బాధపడుతున్న ఒక కుటుంబం, ఆపరేషన్ కావాల్సిన ఒక ముసలాయన, ఆ తర్వాత నేను. "మన టీచర్ గారి అమ్మాయి మనసుకి నెమ్మది కలగాలని." ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్న తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ నా తల మీద చెయ్యి వేసి, చెవిలో "ఎవరమ్మా ఆ అబ్బాయి?" అని అడిగింది.

మా నాన్న నా పరువు తియ్యాలని ఆ పని చేయలేదు. ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే, దాన్ని సిగ్గుపడకుండా నలుగురిలో అడిగారు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ చాపల మీద తిరిగిన తలలు మాత్రం నన్ను వదలలేదు.

హాస్టల్‌కి రాగానే అంతా గైడ్‌కి రాశాను. ఎప్పుడూ చెప్పిన రోజుకే జవాబిచ్చే మనిషి, ఈసారి ఆ పూటే ఇచ్చారు. "మీ అనుమతి లేకుండా మీ సంగతి ఎవరికీ తెలియకూడదు. తప్పు మీది కాదు. మా వాళ్లని అడుగుతాను. మాట్లాడాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఏది చేసినా వచ్చే వారం ఆఖరి పాఠం ఉంది. దిగులు మళ్లీ వస్తే ఏం చేయాలన్నదే ఆ పాఠం. అది మనిద్దరం కలిసి చదువుదాం."

నేను మాట్లాడాను. మార్కుల కోసమే మాట్లాడాను. ఇంగ్లీషులో రాసి ఇచ్చిన కాగితం చూసి చదివాను. బృందంలో ఒక పెద్దావిడ, జుట్టంతా నెరిసిన మనిషి, నేను వేదిక దిగిపోతుంటే ఆపారు. ఇందులో నీకు అన్నిటికంటే కష్టమైనదేమిటి అని అడిగారు. దానికి కాగితంలో జవాబు లేదు.

"ఎవరికీ తెలియదని చెప్పారు మేడమ్. ఇప్పుడు ఈ హాల్లో అందరికీ తెలుసు" అన్నాను.

మా హెడ్ సార్ పెద్దగా నవ్వారు. "మా పిల్లలు చాలా ఫ్రాంక్ మేడమ్!" అందరూ నవ్వారు. ఆ పెద్దావిడ నవ్వలేదు, ఏదో అనబోయారు. ఈలోగా టీలు వచ్చాయి. ఎవరో నన్ను మైకు దగ్గర మళ్లీ నిలబెట్టి ఫోటో తీశారు.

ఆ తర్వాతి వారం ఆఖరి పాఠం కోసం ఫోన్ తెరిచాను. ఈ సేవ ప్రస్తుతం మీ సంస్థకు అందుబాటులో లేదు అని వచ్చింది. సిగ్నల్ బాగాలేదేమో అనుకుని మేడ మీదికెళ్లి చూశాను. అదే. నేను రాసినవీ, గైడ్ రాసినవీ, ఏవీ తెరుచుకోలేదు.

మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పేపర్లు దిద్దుకుంటున్నారు.

"టీమ్ వచ్చి వెళ్లిపోయింది కదమ్మా" అన్నారు, ఇంక అడగడానికేముంది అన్నట్టు.

"మేడమ్, ఇంకొక్క పాఠమే ఉంది."

"నీకు తగ్గిపోయింది కదా? వచ్చే ఏడాది మళ్లీ తీసుకుంటే చెబుతాంలే."

ఆవిడ దుర్మార్గురాలేమీ కాదు. నా జడ చూసి "ఇప్పుడు ఎంత నీట్‌గా ఉన్నావో" అని కూడా అన్నారు.

ఫైనలియర్‌లో దిగులు మళ్లీ వచ్చింది. వస్తుందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పాఠమే తెరుచుకోలేదు. అందుకని అది నా తప్పే అనుకున్నాను. ఒకసారి బాగుపడ్డాను కాబట్టి ఇప్పుడు ఇది బద్ధకమే అనుకున్నాను. తల నాలుగుసార్లు దువ్వి చూశాను. ఈసారి అది పనిచేయలేదు. ఒకప్పుడు పనిచేసింది పనిచేయకపోతే మనిషి ఇంకా లోతుకి పోతుంది. బతకడం ఎందుకు అనే మాట అప్పుడే మొదటిసారి వచ్చింది. వచ్చి పోయేది కాదు, కూర్చునేది.

అమ్మ పచ్చడి ఇద్దామని హాస్టల్‌కి వచ్చి, నన్ను చూసింది. ఏమీ అడగలేదు. నా తలకి నూనె రాసి, చిక్కులు తీసి, జడ వేసి, బ్యాగు సర్దింది. నాన్నకి ఫోన్ చేసి, "పిల్లని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నా" అంది. అవతల ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. అమ్మ మాత్రం అంది, "ప్రార్థన మానేద్దామన్నానా? కాలు విరిగితే ప్రార్థనా చేస్తాం, కట్టూ కట్టిస్తాం గదండీ."

ఆసుపత్రిలో డాక్టరు కంటే ముందు ఒక సైకాలజిస్టు వివరాలు అడుగుతారు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దదై ఉంటుంది. నిదానంగా అడిగింది. బతకాలని లేదనిపించిందా అని కూడా, తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది. అవునన్నాను. పక్కనున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రేపటినుంచి ఏం చేయాలో చెబుతూ ఆ సైకాలజిస్టు, "మిమ్మల్ని కొండ ఎక్కమనడం లేదమ్మా, గడప దాటమంటున్నాను" అంది.

నేను తలెత్తాను. "మేడమ్, మీరు ఆన్‌లైన్‌లో గైడ్‌గా చేశారా? కాలేజీ పిల్లలకి?"

ఆవిడ ఆశ్చర్యపోయింది. "చేశాను, ఇక్కడ చేరకముందు. మీకెలా తెలుసు?"

కాలేజీ పేరు చెప్పాను. ఆవిడ మొహం మారింది. "మీ కాలేజీది ఆపేసిన రోజే మా లాగిన్లు కూడా తీసేశారు. కాంట్రాక్టు అయిపోయిందన్నారు. మధ్యలో ఉన్న పిల్లలకి ఒక్క మాట చెప్పి ఆపుతామని బతిమాలాం. ఒప్పుకోలేదు."

"నేను మిరపకాయలు ఏరిన సంగతి రాశాను. మీరు దానికి జవాబిచ్చారు. గుర్తుందా?"

ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. నా మొహం వంక చాలాసేపు చూసింది. అయినా మొహాలు ఎప్పుడూ చూసుకోలేదు కదా.

"మీకు అబద్ధం చెప్పను. గుర్తు లేదు. ఒకేసారి చాలామందికి రాసేదాన్ని."

నన్ను మంచం మీంచి లేపిన మాట అది. దాన్ని చెప్పిన మనిషికి అది గుర్తు లేదు. ఆవిడ నిజమే చెప్పింది, చెప్పాల్సిందీ నిజమే. అయినా ఆ బల్ల ముందు కూర్చుని నేను, కాలేజీ మీద ఎప్పుడూ రానంత కోపం ఆవిడ మీద తెచ్చుకున్నాను. ఆ కోపంలో అడిగాను, "ఆ ఆఖరి పాఠంలో ఏముంది?"

"పెద్దగా ఏమీ లేదమ్మా. ఇది మళ్లీ రావచ్చు, వస్తే మీరు ఓడిపోయినట్టు కాదు. వచ్చే ముందు మీలో ఏం మారుతుందో ముందే తెలుసుకోండి, దగ్గరివాళ్లలో ఒకరికి చెప్పి ఉంచండి. అంతే."

ఇంత చిన్న పాఠం. చేల మధ్య నడుస్తూ చెప్పినా అయిపోయేది.

మందులు వాడాను. కొన్ని పడలేదు, మార్చారు. ఒక సబ్జెక్టు ఉండిపోతే తర్వాత రాసుకున్నాను. ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను, ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు వెళ్తున్నాను. ఆ సైకాలజిస్టు మీద కోపం పోయింది. కాలేజీ మీద పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు. అడ్మిషన్ల కాలంలో హైవే పక్కన వాళ్లు కట్టే ఫ్లెక్సీల్లో ఒకదాని మీద మైకు ముందు నిలబడ్డ నా ఫోటో ఉంటుంది. కింద 'మీ పిల్లల మనసుకీ మాదే భరోసా' అని ఉంటుంది. తీసేయమని రెండుసార్లు అడిగాను. ఫోన్ ఎత్తినవాళ్లు, కనుక్కుని చెబుతామన్నారు.

ఈ ఏడాది మా పిన్ని కూతురికి ఇంజినీరింగ్ సీటు చూడాల్సి వచ్చింది. పిన్నీ బాబాయీ మా ఇంటికి సలహాకి వచ్చారు. సెలవుకి ఇంటికొచ్చిన నేను వంటగదిలో అమ్మకి సాయం చేస్తున్నాను. ముందు గదిలోంచి నాన్న గొంతు వినపడింది.

"కళ్లు మూసుకుని ఆ కాలేజీలోనే చేర్చండి. చదువొక్కటే కాదు, పిల్లల మనసు కూడా చూసుకుంటారు. మా అమ్మాయినే చూడండి, అక్కడి సార్లు లేకపోతే ఏమైపోయేదో!"

అమ్మ గరిటె పట్టుకుని నా వంక చూసింది. నేను ముందు గదిలోకి వెళ్లి నిలబడ్డాను. నాన్న నన్ను చూసి సంతోషంగా నవ్వారు. ఆయన ఆ మాట నమ్మే అన్నారు. ఆయన్ని ఆ గదిలో టీ కప్పుతో చూశాను కాబట్టి, ఆ నమ్మకం ఆయనకి ఎందుకు కావాలో నాకు తెలుసు. అయినా "అలా కాదు నాన్నా, నన్ను బాగుచేసింది వాళ్లు కాదు" అన్నాను. బాబాయి ముందు ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఊరుకోమ్మా, మేలు చేసినవాళ్లని అలా అనకూడదు" అన్నారు.

సీటు అక్కడే వచ్చింది. అక్కడే చేర్చారు. పిల్ల వెళ్లే రోజు నా పక్కకొచ్చి, "అక్కా, ఆ ఆన్‌లైన్ ది మళ్లీ పెట్టారంట. చేయొచ్చా?" అని అడిగింది.

ఏం చెప్పను? చదువుకో, పాఠాలు మంచివే అన్నాను. అందులో నువ్వు రాసింది ఎవరు చూస్తారో నాకు తెలియదన్నాను. మధ్యలో ఆపేసినా ఆశ్చర్యపోకు అన్నాను.

"మరి చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకోవాలి?"

"నాకు ఫోన్ చెయ్యి. ఆఫీసు టైములో అయినా చెయ్యి" అన్నాను.

సరే అంది. ఇంతవరకూ చేయలేదు. నేను చేసినప్పుడల్లా "బాగానే ఉన్నానక్కా" అంటుంది. "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటుంది.